వద్దన్నా చెరిగిపోదు

పోయిన సంక్రాంతికి కడపకు వచ్చిన మా చిన్నాయన నా చేతిలో ఒక సీడీ పెట్టి, "దీంట్లో ఏముందో చూడు రా, నా దగ్గర దీన్ని చదివే మిషనే లేదు" అన్నాడు. దానిమీద మార్కర్‌తో 'మెయిల్, 1994-98' అని రాసి ఉంది. అమెరికాలో ఆయన ఎమ్మెస్ చేసిన రోజుల నాటి యూనివర్సిటీ ఖాతా అది. సీడీ డ్రైవు సంపాదించడానికి నాకు రెండు రోజులు పట్టింది గానీ, ఫైళ్ళు మాత్రం వెంటనే తెరుచుకున్నాయి. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళే. పంపిన ఉత్తరాలు నెలకొక ఫైలుగా ఉన్నాయి. వాయిదా వేసిన ఉత్తరాలకు విడిగా ఒక ఫైలు.

ఆయన వాడిన ప్రోగ్రాం పేరు పైన్. 1989లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు దీన్ని. మౌసుతో పని లేదు, బొమ్మలు లేవు. పేరుకే పైన్, ఏ మీట దేనికో రాసి ఉండేది మాత్రం తెర అడుగున రెండు వరసల్లో. సి నొక్కితే కొత్త ఉత్తరం. కంట్రోల్ కె ఒక లైను కోస్తుంది (కె అంటే కోత అని గుర్తు పెట్టుకున్నాడట చిన్నాయన), కంట్రోల్ యు కోసినదాన్ని తెచ్చి అతికిస్తుంది. కంట్రోల్ జె చెదిరిపోయిన పేరాను సర్దుతుంది. కంట్రోల్ ఎక్స్ కొడితే పంపమంటావా అని అడిగి, వై అంటే పంపుతుంది. కంట్రోల్ సి అంటే రద్దు. కంట్రోల్ ఓ అంటే వాయిదా.

ఉత్తరాలన్నీ తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతి అది. దీంట్లో చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. చిన్న డి ద, పెద్ద డి డ. షిఫ్టు మీద వేలు జారితే కడప కాస్తా 'కదప' అవుతుంది. ఆ పొరపాటు చిన్నాయన ఉత్తరాల్లో చాలాచోట్ల ఉంది. కోపంగా రాసిన చోట మరీ ఎక్కువ.

ఆ రోజుల్లో మా ఇంట్లో కంప్యూటర్ లేదు. చిన్నాయన బెంగళూరులో ఉన్న స్నేహితుడికి మెయిల్ పంపితే, అతను దాన్ని చూసి తెలుగులో తిరగరాసి, కవర్లో పెట్టి మా నాయనకు పోస్టు చేసేవాడు. అన్నదమ్ముల మాటలు ఇంకొకరి చేతిరాతలో వచ్చేవన్నమాట.

పైన్ తర్వాత వచ్చిన ఆల్పైన్ ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో పనిచేస్తుంది. చిన్నాయన ఫైళ్ళను అది వెతుక్కునే చోట పెట్టి, ఊరికే చూద్దామని సి నొక్కాను. కొత్త ఉత్తరం రాలేదు, ఒక ప్రశ్న వచ్చింది. వాయిదా వేసిన ఉత్తరం ఉంది, కొనసాగిస్తావా అని. పక్కనే బ్రాకెట్లో, వద్దంటే అది చెరిగిపోదులే అన్న హామీ. వై కొట్టాను.

1996లో మా నాయనకు రాసిన ఉత్తరం అది. ఖాజీపేట దగ్గర మాకు నాలుగెకరాల మెట్టచేను ఉండేది. మూడు బోర్లు వేయించినా నీళ్ళు పడలేదు, అప్పు మిగిలింది. చేను అమ్మేస్తానని నాయన రాసినట్టున్నాడు. "ఎవర్నడిగి అమ్ముతావన్నా? నువ్వొక్కనివే కొడుకువా?" అని మొదలై అరవై లైన్లు. జేజి పేరు పెట్టి అన్న మాటలు కూడా ఉన్నాయి, అవి ఇక్కడ రాయను. తేదీలు చూసి పంపిన ఉత్తరాల ఫైలు తీశాను. పదకొండు రోజుల తర్వాత పంపింది నాలుగే లైన్లు. అమ్మేయన్నా, సంతకాలకు కాగితాలు పంపించు, నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఫోన్ చేసి అడిగాను. గొప్ప కారణమేదో చెప్తాడనుకున్నా.

"ల్యాబ్ మూసేస్తాండ్రి రా. కంట్రోల్ ఓ కొట్టి పోతి. రెండోరోజు ఎవరికో రాయాలని సి కొడితే ఇదే అడిగె, కొనసాగిస్తావా అని. వద్దంటి. మూడోరోజూ అడిగె. వద్దంటి."

"చెరిపేసి ఉండొచ్చు కదా చిన్నాయనా?"

"చెరపబుద్ధి కాలే. అదీ నేను అన్న మాటే కదా."

అంటే 1998లో ఖాతా మూసేదాకా, ప్రొఫెసర్‌కు రాసినా, మిత్రుడికి రాసినా, ముందు ఆ కోపాన్ని పలకరించి, వద్దని చెప్పి, ఆ తర్వాతే రాసేవాడు. ఇప్పుడు మనం వాడే మెయిల్‌లో సగం రాసినవి డ్రాఫ్ట్స్ అనే మూలలో పడుంటాయి. మనం వెళ్ళి తెరిస్తే తప్ప అవి మనల్ని ఏమీ అడగవు. పంపింది వెనక్కి తీసుకోవడానికి జీమెయిల్ ఎక్కువలో ఎక్కువ ముప్పై సెకన్లు ఇస్తుంది. నాకు తెలిసి ముప్పై సెకన్లలో ఎవరి కోపమూ తగ్గదు.

ఇదంతా ఇంతగా పట్టడానికి కారణం ఉంది. కడపలోని ఇంటి విషయంలో పోయినేడు అక్కకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాను. పెట్టిన రెండు నిమిషాలకే తీసేశాను. అప్పటికే నీలం టిక్కులు పడ్డాయి. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆ మెసేజ్ ఇప్పుడు నా దగ్గర లేదు. ఏమన్నానో పదం పదంగా గుర్తున్నది తనకొక్కదానికే.

మొన్న రాత్రి చిన్నాయన ఫైళ్ళు తీసి పక్కన పెట్టి, నా ఖాతాతో ఆల్పైన్ తెరిచి అక్కకు రాయడం మొదలుపెట్టాను. ఆల్పైన్‌కు తెలుగు లిపి వచ్చు గానీ, నా టెర్మినల్ తెరమీద గుణింతాలు, ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అందుకని ఆర్‌టీఎస్‌లోనే కొట్టాను, చదువుకుంటూ, కంట్రోల్ కె నొక్కుకుంటూ. తప్పు నాదేనని రాసిన లైనును మూడుసార్లు కోసి, మూడుసార్లు అతికించాను. ఒంటిగంటకు కంట్రోల్ ఓ కొట్టి పడుకున్నాను.

పొద్దున సి నొక్కితే అడిగింది. ఎన్ కొట్టాను. రేపూ అడుగుతుంది.