ఒక్క చెయ్యి

పోయినసారి వర్గీకరణ తీర్పు గురించి రాసిన. ఈసారి ఆ తీర్పు తర్వాత మా మధ్యనే జరిగిన ముచ్చట. రాయడానికి కొంచెం సిగ్గుగనే ఉన్నది.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచి ఎస్సీలను వర్గీకరించొచ్చని చెప్పింది. మన ప్రభుత్వం జస్టిస్ షమీమ్ అక్తర్ తోని ఏకసభ్య కమిషన్ వేసింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లల దిక్కుకెల్లి కమిషన్‌కు ఒకటే వినతిపత్రం ఇద్దామని వనపర్తిల ఒక దోస్తు రూముల కూసున్నం. పదకొండు మందిమి.

మొదటి డిమాండు ఏది రాయాలన్న కాడనే ఆగిపోయినం. గద్వాల మాదిగ తమ్ముడు గ్రూప్స్‌కు చదువుతున్నడు. జనాభా లెక్కన వాటా అన్నదే ముందు ఉండాలన్నడు. 1994ల ఈదుమూడి నుంచి దండోరా కొడుతనే ఉన్నం, 2004ల కోర్టు కొట్టేసింది, ఇంకెన్నేండ్లు అన్నడు. నాతోని పీహెచ్‌డీ చేసిన మాల దోస్తు ఒప్పుకోలే. "నింపని ఖాళీలను పంచుకునుడు ఏందన్నా? ముందుగాల బ్యాక్‌లాగ్ పోస్టులు రాయి" అన్నడు. నాగర్‌కర్నూల్ చెల్లెకు ఈ రెండూ పట్టలే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజోళ్లు ఆమె సర్టిఫికెట్లు ఆపిండ్రు. "నౌకరి తర్వాత సంగతి సార్, నా మెమో నాకు రావాలె గద!"

రెండు గంటలు కొట్లాడినం. చాయ్ రెండుసార్లు వచ్చింది.

అప్పుడు మూలకు కూసున్న డక్కలి బిడ్డ నోరు తెరిచింది. డిగ్రీ రెండో సంవత్సరం. "మాకు కులం సర్టిఫికెటే వస్తలేదు సార్." తాత ఒక ఊర్ల, నాయన ఒక ఊర్ల, తను ఇంకో ఊర్ల పుట్టిండ్రు. అడగవోతే నాయన సర్టిఫికెట్ తెమ్మంటున్నరు. ఆ నాయన బడి మొఖమే చూడలే. ఆమె స్కాలర్‌షిప్ లేకనే, తల్లి కూలి పైసలతోని చదువుతున్నది.

చేతులెత్తి తేల్చుకుందామన్నది నేనే. వాటాకు ఐదు, బ్యాక్‌లాగ్‌కు మూడు, ఫీజులకు రెండు. సర్టిఫికెట్‌కు ఒక్కటి. ఆమెదే. నా చెయ్యి వాటాకే లేచింది. అబద్ధమెందుకు, నా కొడుకు రేపు కట్టే ఫారమే నా కండ్ల ముందట ఉన్నది. ఎవరికి ఏది ముందు కావాలని అడిగిన గని, ఎవరిది ఆగితే ఏమైతదని అడగలే.

జాంబ పురాణం మీద నా థీసిస్‌ల ఒక అధ్యాయమే ఉన్నది. ఆ కథ మాదిగలది. దాన్ని కాపాడింది డక్కలోళ్లు. కిన్నెర మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వస్తే మన జిల్లా అని పోస్టు పెట్టినోణ్ని. మా నాయనమ్మ మాత్రం వాళ్లకు గడప బయటనే బువ్వ పెట్టేది. ఆ రోజు రాత్రి కాయితం నేనే రాసిన. ఆమె సంగతి ఆఖరుకు, "ఇతర సమస్యలు" కింద ఒక లైను. ఆమె సంతకం పెట్టింది, ఏం అనలే. మాల దోస్తు పెట్టలే, వేరే కాయితం ఇచ్చుకున్నడు.

2025 ఏప్రిల్ 14 నుంచి చట్టం అమల్లకు వచ్చింది. 59 కులాలు, మూడు గ్రూపులు. మొదటి దాంట్ల 15 కులాలకు 1 శాతం, డక్కలోళ్లు అండ్లనే. మా గ్రూపుకు 9, మాలల గ్రూపుకు 5. ఆ రాత్రి ఆమె మెసేజ్ పెట్టింది: "ఒక శాతం వచ్చింది సార్. కాయితం రాలే."

తెల్లారి మాల దోస్తుకు ఫోన్ చేసిన. ఇద్దరం ఆమెను తోల్కొని ఆఫీసుకు పోయినం. గద్వాల తమ్ముడు పరీక్ష ఉన్నదని రాలే, ఆయన్ను తప్పు పట్టలేను. ఇప్పటికి మూడుసార్లు తిరిగినం. మల్ల సోమవారం రమ్మన్నరు.