మళ్ళీ వర్క్‌లోడ్ పురాణం

పొద్దున్నుంచీ నా వాల్ నిండా ఒకటే గోల, బౌలర్లకి రెస్ట్ ఇవ్వాలా వద్దా అని. ఇవ్వండి బాబూ, ఎవరొద్దన్నారు? బుమ్రా లాంటివాణ్ని జాగ్రత్తగా వాడుకోవాల్సిందే. నాకు ఎక్కడ మండుతుందంటే, మన హైదరాబాదీ సిరాజ్ దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఎవరికీ గుర్తు రాదు.

2025 ఇంగ్లండ్ టూర్లో ఐదు టెస్టులూ ఆడాడు. 185.3 ఓవర్లు, 23 వికెట్లు. లార్డ్స్‌లో బషీర్ బంతిని బ్యాట్‌తో బాగానే ఆపాడు. అది కింద పడి, మెల్లగా దొర్లుకుంటూ పోయి వికెట్లకి తగిలింది. 22 పరుగులతో ఓడిపోయాం. ఆ దొర్లుడు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

ఓవల్లో ఇంకో కథ. 19 దగ్గర బ్రూక్ క్యాచ్ పట్టాడు, పట్టి కాలు తీసుకెళ్ళి బౌండరీ తాడు మీద పెట్టాడు! బ్రూక్ 111 కొట్టాడు. ఆ పూట నేనూ సిరాజ్‌ని తిట్టుకున్నా, అబద్ధమెందుకు.

ఆఖరి రోజు ఇంగ్లండ్‌కి కావాల్సింది 35, చేతిలో నాలుగు వికెట్లు. అందులో మూడు సిరాజే తీశాడు. అవతలి ఎండ్‌లో వోక్స్, ఒక చెయ్యి స్వెటర్లోపల కట్టేసుకుని (అతనికీ ఓ దండం). ఇవతల యార్కర్, అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ లేచిపోయింది. ఆరు పరుగుల గెలుపు.

అదే ఏడాది చాంపియన్స్ ట్రోఫీ జట్టులో ఇతనికి చోటు లేదు!

అయ్యా సెలెక్టర్లూ, సిరాజ్‌కీ రెస్ట్ ఇవ్వండి. రెస్ట్ పేరు చెప్పి పక్కన మాత్రం పెట్టకండి.