పార్టీ తీసేసి చూస్తే విహారి సంగతేంటి?

హనుమ విహారి 2025-26 సీజనుకి ఆంధ్రా జట్టు వదిలేసి త్రిపుర వెళ్ళిపోయాడు. ఆ వార్త వచ్చిన రోజు మావాళ్ళెవరూ పెద్దగా పట్టించుకోలేదు. "అలాగా" అనేసి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఈ టపా రాయడానికి కారణం ఆ "అలాగా"నే. ఎందుకంటే అంతకు ఏడాదిన్నర ముందు ఇదే విహారి గురించి అరకు సంత పక్కన టీ కొట్లోనూ, విశాఖలో మా ఆఫీసు క్యాంటీన్లోనూ కూడా కాలర్లు పట్టుకునేంత పని చేశారు జనం.

గొడవ మర్చిపోయిన వాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. 2024 జనవరి 5 నుంచి 8 దాకా విశాఖలో బెంగాల్ మీద రంజీ మ్యాచ్ జరిగింది. కెప్టెన్ విహారి. మ్యాచ్ డ్రా అయింది. ఆ వెంటనే విహారి కెప్టెన్సీ వదిలేశాడు, రికీ భుయ్ కెప్టెన్ అయ్యాడు. కారణం వ్యక్తిగతం అన్నారు. ఫిబ్రవరి 26న ఇండోర్ లో క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ మీద మనవాళ్ళు 4 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఆరోజే విహారి అసలు సంగతంటూ బయటపెట్టాడు. బెంగాల్ మ్యాచ్ లో జట్టులోని 17వ ఆటగాడిని కేకలేశానని, ఆ కుర్రాడు రాజకీయ నాయకుడైన వాళ్ళ నాన్నకి చెప్పాడని, ఆయన అసోసియేషన్ మీద ఒత్తిడి తెచ్చి తనని తప్పించాడని రాశాడు. ఇంక ఆంధ్రాకి ఆడనన్నాడు. తననే కెప్టెన్ గా ఉంచమంటూ తోటి ఆటగాళ్ళు సంతకాలు చేసిన ఉత్తరం కూడా పెట్టాడు. ఆ కుర్రాడేమో అదంతా అబద్ధమన్నాడు. అసోసియేషనేమో విహారి బూతులు మాట్లాడాడని తమకి ఫిర్యాదులొచ్చాయంది. ఆ తండ్రి అప్పటి అధికార పార్టీ వైసీపీ నాయకుడని పత్రికల్లో వచ్చింది. ఎన్నికలు చూస్తే రెండున్నర నెలల్లో ఉన్నాయి. ఇంకేముంది, మంట మీద కిరసనాయిలు పోసినట్టయింది.

మాది అరకు దగ్గర ఊరు. ఉద్యోగం విశాఖలో, సెలవు దొరికితే కొండెక్కేస్తాను. ఆ శుక్రవారం సంతకి నేను కూడా ఉన్నాను. టీ కొట్లో వాదన ఇలా నడిచింది.

"కెప్టెన్ అన్నోడు కుర్రోడ్ని ఓ మాట అనకూడదేటి? ఆడి బాబు నాయకుడైతే మాత్రం పీకించేస్తాడేటి?"

"అందరి ముందూ బూతులు తిడితే ఊరుకుంటారేటి బావా? ఈడి ఎనకాల ఎవులున్నారో ఎరగమా మేం?"

వీళ్ళలో మొదటివాడు ఏ పార్టీ, రెండోవాడు ఏ పార్టీ అని నేను చెప్పక్కర్లేదు కదా? చదవగానే మీకే తెలిసిపోయుంటుంది. నా బాధంతా అదే. ఇద్దరూ క్రికెట్ బాగా తెలిసినవాళ్ళు. సంక్రాంతికి కోసిన వరిమళ్ళలో జరిగే టోర్నమెంట్లలో ఒకడు ఓపెనరు, ఇంకొకడు కీపరు. రికీ భుయ్ ఎలా ఆడుతున్నాడో, ఇండోర్ లో 170 పరుగులు ఎందుకు కొట్టలేకపోయామో చెప్పమంటే గంటసేపు చెప్పగలరు. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ళ క్రికెట్ బుర్ర ఆగిపోయింది, పార్టీ బుర్ర పని మొదలుపెట్టింది.

మా ఆఫీసులోనూ ఇంతే. తేడా అల్లా ఏంటంటే అక్కడ టీకి బదులు కాఫీ, "బావా"కి బదులు "బాస్" :)

మన వృత్తిలో ఒక అలవాటుంది. ఒక ఫంక్షన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే ఒక్క ఇన్‌పుట్ మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి మళ్ళీ నడుపుతాం. సంబంధం లేని ఇన్‌పుట్ మారిస్తే ఫలితం మారకూడదు. మారిందంటే ఎక్కడో బగ్ ఉన్నట్టే. మా క్యాంటీన్లో నేనా ప్రయోగం చేశాను. "సరే, ఆ తండ్రి టీడీపీ నాయకుడు, ప్రభుత్వం టీడీపీది అనుకోండి. మిగతా కథంతా ఇదే. ఇప్పుడు చెప్పండి, కెప్టెన్ ని తప్పించడం సబబేనా?" అన్నాను. బల్ల చుట్టూ ఆరుగురున్నారు. ఒకడు నవ్వేశాడు. ఒకడు "అలా జరగదు" అన్నాడు. ఒకడు "నువ్వే పార్టీ?" అని అడిగాడు. ఒక్కరంటే ఒక్కరు జవాబు చెప్పలేదు.

ఈ జబ్బు విహారితో మొదలవలేదు. అంబటి రాయుడి సంగతి చూడండి. 2019 ఏప్రిల్లో ప్రపంచకప్ జట్టులో రాయుడిని కాదని విజయ్ శంకర్ ని తీసుకున్నారు. మూడు విధాలా పనికొస్తాడన్నాడు చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్. ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్ళద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు వెటకారమాడాడు. ఇద్దరూ గుంటూరు వాళ్ళే! అప్పట్లో కనీసం వాదన నాలుగో నంబర్లో ఎవరు ఆడాలన్న దాని మీద జరిగింది. అదే రాయుడు 2023 డిసెంబర్ 28న వైసీపీలో చేరాడు, 2024 జనవరి 6న బయటికొచ్చేశాడు. పది రోజులైనా ఉండలేదు. (సరిగ్గా ఆ రోజున విశాఖలో బెంగాల్ మ్యాచ్ నడుస్తోంది, గమనించారా?) తర్వాత కొద్దిరోజులకే పవన్ కళ్యాణ్ ని కలిశాడు. ఆ పదిహేను రోజుల్లో మా క్యాంటీన్లో 2019 నాటి ఎంపిక మీద అభిప్రాయాలు రెండుసార్లు తిరగబడ్డాయి. ఐదేళ్ళ కిందటి బ్యాటింగ్ సగటు 2024లో ఎలా మారుతుందండీ?

సరే, పార్టీల సంగతి పక్కనపెట్టి అసోసియేషన్ చూద్దాం. చాలాకాలం ఆంధ్రా క్రికెట్ సంఘంలో చక్రం తిప్పిన గోకరాజు గంగరాజు 2014లో నరసాపురం నుంచి బీజేపీ ఎంపీ అయ్యారు. 2019లో ప్రభుత్వం మారింది. అప్పటి వైసీపీ అగ్రనేత విజయసాయిరెడ్డికి వియ్యాలవారి కుటుంబానికి చెందిన శరత్‌చంద్రారెడ్డి అధ్యక్షుడయ్యారు. 2024 జూన్లో మళ్ళీ ప్రభుత్వం మారింది. ఆగస్టుకల్లా పాత కార్యవర్గం దిగిపోయింది. సెప్టెంబర్లో విజయవాడ టీడీపీ ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడయ్యారు, అదీ ఏకగ్రీవంగా. లోధా కమిటీ సిఫార్సుల మీద సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు మంత్రులు ఈ పదవుల్లో ఉండకూడదంది. మంత్రి కాని నాయకుడికి మాత్రం తలుపు తెరిచే ఉంది. వీళ్ళలో ఎవరు మంచి చేశారు, ఎవరు చెడు చేశారు అని నేను తేల్చబోవడం లేదు. నా ప్రశ్న చిన్నది. రాష్ట్రంలో ఓట్లు లెక్కపెడితే క్రికెట్ సంఘంలో కుర్చీలెందుకు కదలాలి?

ఇక విహారి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు తిరిగి రమ్మని పిలిచిన లోకేష్ ని 2024 జూన్లో కలిశాడు. మళ్ళీ ఆంధ్రాకే ఆడతానన్నాడు, ఆడాడు కూడా. టీ కొట్లో మొదటివాడికి గెలిచినంత సంబరం. కానీ ఏడాది తిరిగేసరికి ఏమైంది? తనకి మూడు ఫార్మాట్లలోనూ ఆడాలనుంది, ఇక్కడ ఆ అవకాశం లేదని త్రిపుర వెళ్ళిపోయాడు. ఈసారి తప్పు వైసీపీ మీద వెయ్యడానికి వీల్లేదు, టీడీపీ మీద వెయ్యడం వాళ్ళకిష్టం లేదు. వైసీపీ వాళ్ళకేమో విహారి ఎప్పుడో "అటువైపు మనిషి" అయిపోయాడు. అంచేత అందరూ "అలాగా" అన్నారు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులాడి టెస్టు కాపాడినవాడి గురించి, విరిగిన మణికట్టుతో ఎడమచేత్తో బ్యాటింగ్ చేసినవాడి గురించి ఆంధ్రా క్రికెట్ అభిమానులు అన్నమాట "అలాగా".

(సిడ్నీ అంటే గుర్తొచ్చింది. ఆరోజు అప్పటి కేంద్రమంత్రి బాబుల్ సుప్రియో విహారి క్రికెట్ ని చంపేశాడని రాస్తూ పేరుని "బిహారి" చేసేశాడు. విహారి కోప్పడలేదు. తన పేరు సరిగ్గా రాసి ఊరుకున్నాడు. ఆ మంత్రిగారు అదే ఏడాది పార్టీ మారిపోయారు. విహారి ఆడిన 161 బంతులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.)

ఇంత రభసలో ఎవరూ అడగని ప్రశ్నలు మూడున్నాయి. కెప్టెన్ ని మార్చే అధికారం ఎవరిది? మార్చినప్పుడు కారణం కాగితం మీద రాస్తారా? ఆటగాడికి అన్యాయం జరిగిందనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఎన్నాళ్ళలో జవాబు రావాలి? మన కంపెనీలో రేటింగ్ ఒక్క మెట్టు తగ్గితే మనం ఏం చేస్తాం? కారణం రాసివ్వమంటాం, హెచ్చార్ దాకా వెళ్తాం. మేనేజర్ గారి బావమరిదికి ప్రమోషన్ వస్తే ఆ మేనేజర్ ఏ పార్టీకి ఓటేశాడని అడుగుతామా? రూలేదీ అని అడుగుతాం. మరి మన రాష్ట్ర జట్టు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమవుతోంది?

ఆ రూలు లేకపోవడం వల్ల నష్టపోయేది విహారి ఒక్కడే అనుకుంటే పొరపాటు. అతనికి 16 టెస్టులాడిన పేరుంది. మాట్లాడితే పేపర్లలో వస్తుంది, వద్దంటే త్రిపుర రమ్మంటుంది. ఇప్పుడు డుంబ్రిగుడలోనో హుకుంపేటలోనో టెన్నిస్ బంతితో ఆడే పద్నాలుగేళ్ళ పిల్లాడిని ఊహించుకోండి. విశాఖలో ట్రయల్స్ ఉన్నాయని వాడికి తెలియడమే గొప్ప. తెలిస్తే ఘాట్ రోడ్డు మీద నూటపది కిలోమీటర్ల పైన బస్సులో దిగాలి, రాత్రి ఉండడానికి చోటు చూసుకోవాలి, జన్మలో పట్టుకోని లెదర్ బంతిని నాలుగు ఓవర్లు ఎదుర్కోవాలి. పేరు రాకపోతే ఎందుకు రాలేదో చెప్పేవాళ్ళుండరు. ఫోన్ చెయ్యడానికి వాడి తండ్రి నాయకుడు కాదు, కాఫీ తోటలో కూలికెళ్ళే మనిషి. 2024లో రాష్ట్రమంతా కూటమికి 164 సీట్లొస్తే, వైసీపీకి మిగిలిన 11లో అరకు, పాడేరు రెండూ ఉన్నాయి. అంటే కొండ ఒకవైపు, రాష్ట్రం ఇంకోవైపు. "ఎవరి ప్రభుత్వముంటే వాళ్ళ పిల్లలే జట్టులో" అన్న లెక్కనే మనమంతా ఒప్పుకుంటే, ఈ పిల్లాడు ఐదేళ్ళు ఆగాలా? ఆగితే వాడికి పంతొమ్మిదేళ్ళొస్తాయి.

కొండ మీద నుంచి భారత జట్టుకి వెళ్ళిన మనిషి లేకపోలేదు. 2025 నవంబర్ 23న కొలంబోలో అంధ మహిళల మొదటి టీ20 ప్రపంచకప్ ఫైనల్లో మన జట్టు నేపాల్ ని ఓడించింది. ఆ జట్టులో పాంగి కరుణ కుమారిది పాడేరు ప్రాంతం. అంధుల క్రికెట్లో నాకు నచ్చిన సంగతొకటుంది. పదకొండుమందిలో కనీసం నలుగురు బీ1, అంటే బొత్తిగా చూపులేనివాళ్ళు ఉండాలి. కొద్దిగా చూపున్న బీ2, బీ3 వాళ్ళకి కూడా లెక్క ఉంది. ఎవరు ఏ తరగతో కంటి డాక్టరు పరీక్ష చేసి తేలుస్తాడు. జట్టు కూర్పులో సగం సంగతి ముందే రాసిపెట్టి ఉంటుంది, అందరికీ తెలిసి ఉంటుంది. అందులోనూ ఎంపిక గొడవలు రావచ్చు. కానీ వాదించుకోవడానికి చేతిలో ఒక రూలుంటుంది.

డిసెంబర్లో పవన్ కళ్యాణ్ ఆ జట్టుని పిలిచి సన్మానించారు. మంచిపని. మా టీ కొట్లో మాత్రం ఆ అమ్మాయి బ్యాటింగ్ గురించి రెండు నిమిషాలు, సన్మానం వల్ల ఏ పార్టీకి ఎంత పేరొచ్చిందన్న దాని గురించి ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఆ చుట్టుపక్కల బడుల్లో ఇంకెవరైనా ఆడుతున్నారా, వాళ్ళని ఎవరైనా చూస్తున్నారా అన్న మాట రాలేదు.

రాజకీయాలు మాట్లాడొద్దని నేననను. ఓటు మనది, మాట్లాడాలి. ఏ పార్టీ ఎంపీ అధ్యక్షుడైనా సరే, జట్టు ఎంపికకి రూల్స్ బయటపెట్టమని, ట్రయల్స్ లో కొందరినైనా కొండ మీదే పెట్టమని, తీసేసినప్పుడు కారణం చెప్పమని అడిగితే అది కూడా రాజకీయమే. కానీ అలా అడగాలంటే ముందు మనకి ఓటేసిన పార్టీనే అడగాలి. కష్టమంతా అక్కడే ఉంది.

మా టీ కొట్టు వాళ్ళిద్దరికీ వచ్చే సంక్రాంతి టోర్నమెంటుకి జట్టు ఎంపిక అప్పగించారు మా ఊళ్ళో. ఓపెనర్ ఎవరన్న దాని మీద అప్పుడే తగువు మొదలైంది. ఇద్దరి అభ్యర్థులూ ఒకే పార్టీ కుర్రాళ్ళు కావడంతో పాపం క్రికెట్ గురించే మాట్లాడుకోవలసి వస్తోంది.

మీ ఊరి జట్టుని ఎవరు ఎంచుతారు, ఎలా ఎంచుతారు? తెలిస్తే చెప్పండి.