కీడాజడీ పుట్టే కొండలు

రైలు కాఠగోదాం దాకానే పోతుంది. ఆ పైన అంతా కొండలే. అక్కణ్ణుంచి మోటారులో అల్మోరా మీదుగా, లెక్కలేనన్ని మలుపులు తిరుగుతూ పోగా పోగా మున్సియారీ అనే చిన్న ఊరు వస్తుంది. అది ఉత్తరాఖండ్ రాష్ట్రంలో, పిథోరాగఢ్ జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 7,200 అడుగుల ఎత్తున ఉన్నది. ఊరికి ఎదురుగా గోరీగంగ లోయ. లోయకు అవతల వరసగా అయిదు మంచుశిఖరాలు. వాటిని పంచచూలీ అంటారు. చూలీ అంటే పొయ్యి. పాండవులు స్వర్గారోహణకు పోతూ కడసారి అక్కడే వంట చేసుకున్నారట. సాయంకాలపు ఎండ పడి ఆ శిఖరాలు ఎర్రబడినప్పుడు చూస్తే, ఆ పొయ్యిలలో నిప్పు ఇంకా ఆరలేదేమో అనిపిస్తుంది.

ఈ ప్రాంతపు భోటియాలు పూర్వం గొప్ప వర్తకులు. గొర్రెల మీదా, మేకల మీదా ధాన్యం వేసుకుని, కనుమలు దాటి టిబెట్టుకు పోయి, ఉప్పూ ఉన్నీ తెచ్చేవారు. 1962లో చైనాతో యుద్ధం రావటంతో కనుమలు మూతపడి, ఆ వర్తకం ఆగిపోయింది. ఇప్పుడు అక్కడి అనేక కుటుంబాలకు డబ్బు తెచ్చిపెట్టేది పుట్టగొడుగుల జాతికి చెందిన ఒక వస్తువు. దాన్ని అక్కడివారు కీడాజడీ అంటారు. కీడా అంటే పురుగు, జడీ అంటే మూలిక. తెలుగులో పురుగుమందు అని మాత్రం అనకండి, అర్థం మారిపోతుంది!

నేను వెళ్ళినది మే నెలాఖరున. దారిలో ఒక పల్లెలో చాలా ఇళ్ళకు తాళాలు వేసి ఉన్నాయి. టీ దుకాణంలోని ముసలాయనను అడిగితే, "అందరూ పైకి పోయారు, మాస్సాబ్," అన్నాడు. నేను బడిపంతులునని తెలిశాక ఆయన నన్ను అలాగే పిలిచాడు. ఒక అగ్గిపెట్టె తెరిచి, దూదిలో దాచిన వస్తువును నా అరచేతిలో పెట్టాడు. చూడబోతే అది ఎండిన గొంగళిపురుగు. కాళ్ళూ, వంటి మీది ముడతలూ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అయితే దాని తలలోనుంచి అగ్గిపుల్లకంటే కొంచెం పొడుగైన నల్లని కాడ ఒకటి మొలిచి ఉన్నది!

ఇది ఎలా పుడుతుందో వినండి. చెట్లు ఆగిపోయిన చోటికి పైన, 10,000 అడుగులు దాటాక, హిమాలయాలలో పచ్చికబయళ్ళుంటాయి. వాటిని అక్కడ బుగ్యాల్ అంటారు. అక్కడి నేలలో ఒకరకం చిమ్మట పురుగుల పిల్లలు గడ్డివేళ్ళు తింటూ కొన్ని సంవత్సరాలు బతుకుతాయి. ఒక శిలీంధ్రం, అనగా బూజు జాతిది, ఆ పురుగు వంట్లోకి చొరబడుతుంది. లోపల దారాలు దారాలుగా అల్లుకుని, పురుగును తినివేస్తుంది. చర్మాన్ని మాత్రం ఒరలాగా ఉంచుతుంది. చిత్రమేమంటే, చచ్చేముందు పురుగు నేలపైభాగానికి దగ్గరగా వచ్చి, తల పైకి పెట్టుకుని ఉంటుంది. చలికాలం గడిచి మంచు కరగగానే, ఆ తలలోనుంచి కాడ బయలుదేరి మట్టిని చీల్చుకుని వస్తుంది. టిబెట్టువాళ్ళు దీనికి "చలికాలం పురుగు, వేసవిలో గడ్డి" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంతకంటే మంచి పేరు ఎవరూ పెట్టలేరు.

ఆ కాడ గడ్డిలో గడ్డిలాగే ఉంటుంది. అందుచేత ఏరేవాళ్ళు చలిలో గుడారాలు వేసుకుని, పగలల్లా మోకాళ్ళమీదా, మోచేతులమీదా పాకుతూ వెతుకుతారు. పిల్లల కళ్ళు చురుకైనవి గనక కొందరు పిల్లలను కూడా తీసుకుపోతారు. మంచు మీద కాలుజారి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక కిలో కావాలంటే ఇలాంటివి వేలకొద్దీ ఏరాలి; ఆ కిలో ధర లక్షల రూపాయలు పలుకుతుంది.

అంత ధర ఎందుకు? దీన్ని తింటే బలం వస్తుందనీ, రోగాలు దగ్గరకు రావనీ టిబెట్టులో, చైనాలో ఎన్నో వందల ఏళ్ళుగా నమ్మకం. 1993లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన ప్రపంచపు పోటీలలో చైనా అమ్మాయిలు మూడు పరుగుపందాలలో బంగారు పతకాలు గెలుచుకున్నారు. వాళ్ళకు ఈ మూలికా, తాబేలు రక్తమూ ఇచ్చానని వారి శిక్షకుడు చెప్పాడు. దానితో దీని పేరు లోకమంతా పాకిపోయింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు, రక్తపరీక్షల ఫలితాలు అనుమానాస్పదంగా ఉన్నాయని అదే శిక్షకుడి శిష్యులలో ఆరుగురిని జట్టునుంచి తొలగించారు. ఈ సంగతి మాత్రం అంత దూరం పాకలేదు.

పరీక్షశాలలో ఏం తేలిందీ అంటే, శిలీంధ్రాల గోడలలో బీటాగ్లూకాన్ అనే పదార్థం ఉన్నది. అది మన శరీరంలో తయారు కాదు. అందుచేత మన రక్తంలోని తెల్లకణాలలో కొన్ని దాన్ని చూడగానే పరాయివాడు వచ్చాడని మేలుకుంటాయి. గాజుపాత్రలో ఇది కళ్ళారా చూడవచ్చు. ఎలుకలలో కూడా కొన్ని మంచి ఫలితాలు కనిపించాయి. కాని మనుషులమీద పెద్దఎత్తున, పద్ధతిగా జరిపిన పరీక్షలు చాలా తక్కువ. పైగా 2016లో చైనా ప్రభుత్వపు ఔషధశాఖవారే, ఈ మూలికతో చేసిన పొడులలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉండవలసినదానికంటే ఎక్కువ ఉన్నదని హెచ్చరించారు.

మరొక మాట. "రోగనిరోధకశక్తిని పెంచును" అని డబ్బాలమీద అచ్చువేస్తారు గదా, ఆ శక్తి ఎంత పెరిగితే అంత మంచిదనుకోకండి. అది ఇంటి కాపలాకుక్క లాంటిది. దొంగను కరిస్తే మంచిదే, ఇంటికి వచ్చిన చుట్టాన్ని కరిస్తే? ఒక మనిషి మూత్రపిండాన్ని మరొకరికి అమర్చినప్పుడు జరిగేది అదే. ప్రాణం నిలపటానికి వచ్చిన అవయవాన్ని శరీరం శత్రువనుకుని నాశనం చేయబూనుతుంది. అప్పుడు కావలసినది కుక్కను శాంతింపజేసే మందు.

ఆ మందు దొరికిన తీరు వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1969లో స్విట్జర్లండ్‌లోని సాండోజ్ అనే మందుల కంపెనీ ఉద్యోగి ఒకడు సెలవులకు నార్వే వెళ్ళి, హార్డాంగర్‌విడ్డా అనే పీఠభూమినుంచి చిటికెడు మట్టి సంచీలో వేసుకుని తెచ్చాడు. ఆ మట్టిలోని ఒక బూజునుంచి తీసిన పదార్థం నిరోధకశక్తిని అణచగలదని 1972లో తేలింది. అదే సైక్లోస్పోరిన్. 1983లో అమెరికాలో దాని వాడకానికి అనుమతి వచ్చింది. అవయవాలు మార్చిన వేలాదిమంది అప్పటినుంచి దానివల్లనే బతికారు. ఇంతకూ ఆ బూజు ఎవరు? 1996లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని వంశం బయటపెట్టారు. అది పెంకుపురుగు పిల్లలను చంపి, వాటిమీద మొలిచేది. మన కీడాజడీకి దూరపు చుట్టం! అడవిలో దొరికినది దొరికినట్టు నమిలితే ఈ మందు రాలేదు. ఒక్కొక్క పదార్థాన్ని విడదీసి, మోతాదు కొలిచి, ఎలుకలలోనూ, ఆ తరవాత మనుషులలోనూ పరీక్షించాకనే వచ్చింది. అందుచేత ఇంట్లో జబ్బుమనిషి ఉంటే, డాక్టరును అడగకుండా ఇలాంటి పొడులు పెట్టటం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ఇక ఆ పచ్చికబయళ్ళ సంగతి. నేపాలులోని డోల్పా జిల్లాలో 2006లో మనిషికి సగటున 260 కీడాజడీలు దొరికితే, 2010 నాటికి సుమారు 125 మాత్రమే దొరికాయి. 2020లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల ఎర్రజాబితాలో చేర్చారు. ఏరేవాళ్ళు పెరిగారు, శీతకాలాలు వెచ్చబడుతున్నాయి, గుడారాల దగ్గర వంటచెరుకుకు భూర్జవృక్షాలు తెగిపోతున్నాయి. మరొక చిక్కు ఏమంటే, కాడ ముదిరితేనే అందులోంచి బీజాలు రాలతాయి. కాని ముదిరేసరికి పురుగు మెత్తబడిపోయి ధర పడిపోతుంది. గిరాకీ అంతా లేతవాటికే. కుమావూలో 1931నుంచీ వన పంచాయతీలున్నాయి. తమ మైదానంలో ఎవరు ఏరవచ్చునో చెప్పేది చాలాచోట్ల అవే. ఒక్క పంచాయతీ మాట వినని ఊరు పక్కన ఉంటే చాలు, కట్టుబాటు సడలిపోతుంది.

జూన్ చివర వానలు అందుకోగానే గుడారాలు ఎత్తి అందరూ కిందికి దిగుతారు. ఇళ్ళ తాళాలు తీస్తారు, పిల్లలు బడికి వస్తారు. పైన గడ్డిలో ఎవరి కంటా పడకుండా మిగిలిన కాడలు అప్పుడు తాపీగా ముదిరి, గాలిలోకి బీజాలు వదులుతాయి.