లావుపాటి తమ్ముడు

మా హోసూరులో ఒకే గోడమీద మూడు నాలుగు భాషలు కనిపించడం కొత్తేమీ కాదు. తమిళం లావుగా, ఇంగ్లీషు ఇంకా లావుగా ఉంటాయి. వాటికింద సన్నగా మన తెలుగు, కడబంతిలో కూర్చున్న చుట్టంలాగా. ఫ్లెక్సీ కొట్టు కుర్రాణ్ణి అడిగితే, "తెలుగులో లావు అక్షరం లేదు సార్, ఉన్నదాన్నే నొక్కి పొడుగు చేస్తా" అనేవాడు.

నొక్కితే వస్తుందా? మన అక్షరం గుండ్రన. పక్కలనుంచి పిండితే కోడిగుడ్డవుతుంది. నిలువు గీతలు చిక్కిపోతాయి, అడ్డగీతలు మాత్రం అలాగే ఉంటాయి. ఇరుకులో ఇమిడే లావు అక్షరం కావాలంటే మొదటినుంచీ అలాగే గీయాలి.

2018లో మాతృభాషా దినోత్సవానికి మా అల్లుడు 'బాలూ తమ్ముడు' అనే అక్షరాన్ని పట్టుకొచ్చాడు. ముంబైలోని ఏక్ టైప్ వాళ్ళు చేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోమని వదిలిపెట్టారు. బాలూ అంటే జంగిల్ బుక్‌లో ఎలుగుబంటి. అక్షరాలూ అలాగే బొద్దుగా, మూలలు లేకుండా ఉంటాయి. ఒక్కో లిపిలో ఒక్కో వరస: తమిళంలో తంబి, కన్నడంలో తమ్మ, ఒడియాలో భాయినా. (భాయినా అన్నగారు. ఇంటికో పెద్దదిక్కు ఉండాలిగా!) తెలుగునాటికి ఇంత దూరాన పుట్టిన అక్షరం కదా అని నాకు కాస్త మమకారం కూడా కలిగింది.

లావు అక్షరంతో చిక్కులూ ఉన్నాయి. కడుపు పూడిపోతుంది, 'ద'కూ 'ధ'కూ తేడా చెప్పే చిన్న గీత దూరానికి ఆనదు. తమిళంలో వత్తుల్లేవు, వరసలు దగ్గరగా పేర్చుకోవచ్చు. మనకు ప్రతి వరసకిందా ఇంకో అంతస్తు కావాలి. అందుకని రెండడుగులు ఎక్కువ పెట్టి అచ్చువేయమన్నాను.

ఫిబ్రవరి 21 పొద్దున్నే బ్యానరు కట్టారు. రోడ్డవతలనుంచి కూడా కనిపిస్తోంది. నలభైమందిమి చూసి మురిసిపోయాం. మా మనవరాలు దానికింద నిలబడి కూడబలుక్కుని చదివింది. 2006 చట్టం తర్వాత మా పిల్లలకు బళ్ళో తమిళం తప్పనిసరి. దానికి తెలుగు అక్షరాలు ఇంట్లో నేనే దిద్దించాను.

"తాతా, 'త' కింద ఉండాల్సిన 'స' పక్కకొచ్చిందేం?"

చూస్తే నిజమే. 'దినోత్ సవం'. కొట్టులో ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌కు వత్తులు కలపడం చేతకాదట, విడగొట్టి వదిలేసింది. నలభైమంది పెద్దవాళ్ళం, అందులో ఇద్దరం తెలుగు పంతుళ్ళుగా రిటైరైనవాళ్ళం, ఒక్కరికీ కంటబడలేదు. పేరుకు మాతృభాషా దినోత్సవం! తల కొట్టేసినట్టయింది.

మళ్ళీ వేయించే వ్యవధి లేదు. పొల్లుమీదా, పక్కనున్న 'స'మీదా తెల్లకాగితం అంటించి, తలకట్టు గీశాం. నల్ల చార్టు కత్తిరించి 'స' వత్తు అదే చేసింది. నిచ్చెనెక్కి నేను అతికించాను. మధ్యలో పన్ను ఊడినట్టు ఖాళీ మిగిలింది. వత్తు మాత్రం కాస్త సన్నగా వచ్చింది.