జవాబు లేని కీర్తన



మన సంఘాలలో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, భూస్థాపన తరువాత ఆదరణ కూడిక పెట్టుకుంటాము. షామియానా కింద చాపలు పరుస్తారు. సేవకులు ఒకరి వెనుక ఒకరు లేచి వాక్యము చెబుతారు. కాలము నిండిన ముసలివారు వెళ్లినప్పుడు ఆ మాటలు బాగానే ఉంటాయి. పసిబిడ్డ పోయినప్పుడో, ఇంటికి ఆధారమైన కుర్రవాడు ట్రాక్టరు తిరగబడి పోయినప్పుడో వినండి. "మంచి పువ్వు గనుక దేవుడు ముందుగా కోసుకున్నాడు" అంటారు ఒకరు. "దేవుని చిత్తము, ప్రశ్నించకూడదు" అంటారు మరొకరు. ఆ తల్లి మూల కూర్చుని తల ఊపుతూ ఉంటుంది. ఊపక ఏమి చేస్తుంది? అంతమంది ఎదుట "ఎందుకు?" అని నోరు తెరిస్తే, విశ్వాసం లేని మనిషని పేరు వస్తుంది.

మాది దివిసీమలోని సంఘము. కృష్ణానది పాయల నడుమ ఉన్న పల్లపు నేల ఇది. 1977 నవంబరు 19, శనివారము నాడు తుపానుతో పాటు సముద్రమే లేచి ఈ నేల మీదికి వచ్చింది. నేను అప్పటికి పుట్టలేదు. పదివేల మందికి పైగా చనిపోయారని చెబుతారు. కొన్ని ఇళ్లలో ఏడ్చేందుకు కూడా మనిషి మిగలలేదు.

అందులో మిగిలిన ఒక మామ్మ మా సంఘములో ఉంది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. ఒక చేత్తో తుమ్మకొమ్మ పట్టుకుంది, రెండో చేత్తో ఇద్దరు పిల్లలను పొదివి పట్టుకుంది. చీకటిలో, ఆ హోరులో, ఒకరి తరువాత ఒకరు జారిపోయారు. ముందు ఎవరు జారారో ఆమెకు ఈనాటికీ తెలియదు. తెల్లవారితే ఆదివారము. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు అంటుంది.

ఆమె ప్రశ్న ఒక్కటే. "సముద్రాన్ని ఆపమని నేను అడగలేదు అయ్యగారూ. అంత పెద్ద కోరిక నాకెందుకు? ఈ చెయ్యి ఇంకొక్క గంట గట్టిగా ఉంటే చాలు గదా. అదెందుకు ఇవ్వలేదు?"

ఆ తరువాతి రోజులలో ఎవరో ఒక ప్రసంగీకుడు వచ్చి, ఇది దివిసీమ పాపములకు దేవుని తీర్పు అని బోధించి వెళ్లాడట. "పాపులు మా ఊళ్లోనే ఉన్నారా, బెజవాడలో లేరా?" అంటుంది మామ్మ. ఆమె చదువుకోలేదు గాని, లూకా సువార్త 13వ అధ్యాయములో ప్రభువు చెప్పినది దీనికి దగ్గరగానే ఉన్నది. సిలోయములో గోపురము కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వారు యెరూషలేములోని మిగతా వారికంటె పాపులు కారని ప్రభువు తేల్చి చెప్పాడు. వింటున్నవారిని మారుమనస్సు పొందమన్నాడు గాని, చచ్చినవారి పాపాల చిట్టా విప్పలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. కొన్ని ప్రశ్నలకు జవాబు మన దగ్గరే ఉంటుంది. 1990 మే నెలలో మళ్లీ ఈ కృష్ణా తీరము మీదికే పెద్ద తుపాను వచ్చింది. ఈసారి ముందుగా హెచ్చరించారు, లక్షల మందిని తరలించారు, తలదాచుకునేందుకు తుపాను షెల్టర్లు ఉన్నాయి. అప్పుడు కూడా ప్రాణాలు పోయాయి గాని, 1977లో వలె వేలకు వేలు కాదు. మనుష్యులు చేయవలసినది చేయక, దేవుని చిత్తమని చెప్పి చేతులు దులుపుకోవడం భక్తి కాదు.

అయితే మామ్మ ప్రశ్న ఆ లెక్కలోకి రాదు.

బైబిలులో 150 కీర్తనలున్నాయి. బాధలో మొరపెట్టే కీర్తనలు ఎన్నో ఉన్నాయి గాని, వాటిలో చాలా వరకు ఎక్కడో ఒకచోట మలుపు తిరుగుతాయి. 13వ కీర్తన చూడండి. ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని మొదలై పాటతో ముగుస్తుంది. 88వ కీర్తన అలా కాదు. కోరహు కుమారుల కీర్తన అది, ఎజ్రాహీయుడైన హేమాను పేరు మీద ఉన్నది. రాత్రింబవళ్లు మొరపెట్టానంటాడు, ప్రతిదినము చేతులు చాపానంటాడు, ఉదయమున మళ్లీ మొరపెడతానంటాడు. జవాబు రాదు. స్నేహితులు దూరమయ్యారని చెప్పి, చీకటితోనే ఆపేస్తాడు. హెబ్రీ భాషలో ఆ కీర్తన చివరి మాటే చీకటి అని డిప్లొమా చదివే రోజులలో మా ఉపాధ్యాయులు చెప్పారు.

ఆ కీర్తనను ఎవరూ తీసివేయలేదు, చివర ఒక స్తుతి వచనము అతికించలేదు. మన ఆదరణ కూడికలలో మాత్రము దానిని చదువగా నేను వినలేదు.

యోబు సంగతి అందరము ఎరుగుదుము. అతని ముగ్గురు స్నేహితులు ఏడు దినములు నేలమీద కూర్చుని ఒక్క మాటైనా పలుకలేదు. వారు చేసిన మంచి పని అదొక్కటే. తరువాత నోరు తెరిచి, దేవుని పక్షమున వకాల్తా పుచ్చుకుని, అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. చివరకు దేవుడు కోపగించినది ప్రశ్నలు వేసిన యోబు మీద కాదు, జవాబులు చెప్పిన ఆ ముగ్గురి మీద (42:7). మొదటి రెండు అధ్యాయాలలో పరలోకములో జరిగిన సంభాషణ మనకు తెలుసు గాని, యోబుకు దానిని చెప్పినట్టు ఎక్కడా లేదు. "చివరికి రెండింతలు ఇచ్చాడు గదా" అంటారు. గొఱ్ఱెలు, ఒంటెలు రెండింతలయ్యాయి. పిల్లలు మాత్రము మళ్లీ పదిమందే. సమాధిలో ఉన్న పదిమంది యింటికి రాలేదు. ఆ తల్లిని ఎవరూ అడగలేదు, లెక్క సరిపోయిందా అని.

బేతనియలో లాజరు చనిపోయినప్పుడు మార్త, మరియ ఇద్దరూ ప్రభువుతో దాదాపు ఒకే మాట అన్నారు. నీవు ఇక్కడ ఉంటే మా సహోదరుడు చావకపోయేవాడు అని. అది నిష్ఠూరమే. మార్తకు ఆయన పునరుత్థానమును గూర్చి బోధించాడు. మరియకు బోధ ఏమీ చేయలేదు. ఎక్కడ ఉంచారని అడిగి, కన్నీరు విడిచాడు. ఆలస్యము ఎందుకైనదో ఆమెకు వివరించలేదు. మరికొన్ని దినములకు ఆయనే సిలువమీద 22వ కీర్తన మొదటి మాటతో కేకవేసి "ఎందుకు?" అని తండ్రిని అడిగాడు. ఆ కేకకు ఆకాశము నుండి స్వరమేదీ వచ్చినట్టు సువార్తలలో లేదు. మూడవ దినము వచ్చింది. మామ్మ నిరీక్షణ అంతా ఆ మూడవ దినము మీదనే. తన పిల్లలను చూస్తానని ఆమె గట్టిగా నమ్ముతుంది. నమ్ముతూనే అడుగుతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవని ఆమె దగ్గరే చూశాను.

రెండేళ్ల నుండి నవంబరు 19న మా మందిరములో 88వ కీర్తన మొత్తము చదువుతున్నాము. ప్రసంగము ఉండదు. కాసేపు ఊరక కూర్చుంటాము. ఎవరైనా ప్రార్థించాలనుకుంటే ప్రార్థిస్తారు. మొదటి ఏడు సంఘపెద్ద ఒకాయన, "ఇదేమి కూడిక అయ్యగారూ, చివర కనీసము ఒక పాటైనా పాడిద్దాము" అన్నాడు. మామ్మ ఆయన వైపు చూసి, "వద్దులే తమ్ముడూ, ఈ పూటకి" అన్నది.

ఆమె ఇప్పుడు నన్ను ఏమీ అడగడం లేదు. లేచి నిలబడి, ఆ కుడిచెయ్యి చాపి, నన్ను అడిగిన ప్రశ్నే దేవుణ్ణి అడుగుతుంది. అడిగి కూర్చుంటుంది. ఆమేన్ అనదు. ఎందుకమ్మా అంటే, "ఇంకా అయిపోలేదు గదా అయ్యగారూ" అంటుంది.