దీర్ఘకాలిక వ్యాధి ఉన్న బిడ్డకు ఊరి నర్సు అండ



పిల్లలకు జలుబో, విరేచనాలో వస్తే నాలుగైదు రోజులలో తగ్గిపోతాయి. మూర్ఛ, మధుమేహం, రుమాటిక్ జ్వరం వలన దెబ్బతిన్న గుండె, సెరిబ్రల్ పాల్సీ వంటివి అటువంటివి కావు. వీటి విషయంలో డాక్టరు చీటీ రాసిన రోజున వైద్యం మొదలవుతుంది, అంతే. పట్నంలోని స్పెషలిస్టు ఆ బిడ్డను రెండు మూడు నెలలకు ఒకసారి, కొద్ది నిమిషాలు చూస్తారు. తక్కిన రోజులన్నీ భారం తల్లిదండ్రులదే. ఆ రోజులలో వారికి అందుబాటులో ఉండేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని స్టాఫ్ నర్సు, ఉపకేంద్రంలోని ఏఎన్ఎం. వీరి సేవ విలువ మనలో చాలామందికి తెలియదు.

రుమాటిక్ జ్వరాన్నే తీసుకోండి. ఒక రకమైన గొంతు ఇన్ఫెక్షన్ తరువాత కొందరు పిల్లలలో కీళ్లు వాచి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. అది తిరగబెట్టకుండా సాధారణంగా 21 రోజులకు ఒకసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజక్షన్ ఏళ్ల తరబడి ఇవ్వాలి. ఆ సూది బాగా నొప్పి పుడుతుంది. పిల్లవాడు చూస్తే చక్కగా ఆడుకుంటూ ఉంటాడు. ఇక ఎందుకులే అనిపించడం సహజం.

నేను పనిచేసిన ఒక కేంద్రంలో నర్సమ్మ ఇటువంటి పిల్లల కోసం సొంతంగా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు. పేరు, ఊరు, తరువాతి తేదీ, అంతే. తేదీ దాటితే ఆశా కార్యకర్త ద్వారా కబురు వెళ్లేది. మిరపకోతలకు వలస వెళ్లే కుటుంబమైతే మందు పేరు, మోతాదు, చివరిసారి ఇచ్చిన తేదీ చీటీ మీద రాసి ఇచ్చి, అక్కడి సర్కారు ఆసుపత్రిలో చూపించమనేవారు. ఒకసారి ఒక తండ్రి, "వాడు బాగానే ఉన్నాడు కదమ్మా, సూది ఎందుకు?" అన్నాడు. "బాగున్నాడు కాబట్టే వేస్తున్నానయ్యా. బాగాలేనినాడు ఈ సూది చాలదు" అన్నారామె.

ఆ కుర్రవాడు నాకు బదిలీ అయ్యేవరకు ఒక్క తేదీ కూడా తప్పలేదు. అదే రోజులలో మరో ప్రాంతం నుండి వాడి ఈడు బాలిక ఒకతె ఆయాసంతో వచ్చింది. ఏడాదిగా ఇంజక్షన్ మానేశారు. ఎందుకు రాలేదని అడిగినవారు లేరు. ఆమెకు కవాటం ఆపరేషన్ అవసరమైంది. ఇద్దరికీ రాసిన మందు ఒక్కటే.

తేదీలు గుర్తుచేయడమే కాదు, ఇంట్లో చేయవలసిన పనులు నేర్పేది కూడా నర్సే. ఫిట్స్ వచ్చిన బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. చేతిలో తాళాలు పెట్టడం వలన ప్రయోజనం లేదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపరాదు. ఇన్సులిన్ వాడే బిడ్డ ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే సీసాను చల్లని మట్టికుండ ఏర్పాటులో భద్రపరచవచ్చు, గడ్డకట్టనీయరాదు. చెమటలు, వణుకు కనిపించి, బిడ్డ తెలివిలో ఉంటే వెంటనే గ్లూకోజు గాని పంచదార నీళ్లు గాని ఇవ్వాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు పడుకోబెట్టి అన్నం పెట్టకూడదు. కూర్చోబెట్టి, తలకు ఆసరా ఇచ్చి, కొంచెం కొంచెంగా తినిపించాలి.

మరొక మాట. "ఇలాంటి బిడ్డకు టీకాలెందుకు?" అనే ప్రశ్న నేను చాలా ఇళ్లలో విన్నాను. వైకల్యం ఉన్న బిడ్డ ముందుగా బిడ్డే. తట్టు వాడికీ వస్తుంది, పన్ను వాడికీ పుచ్చుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నంత మాత్రాన టీకాలు మానరాదు. బరువు, చూపు, వినికిడి, దంతాలు క్రమంగా చూపించాలి. వీలైనంతవరకు బడికి పంపాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ల వరకు పిల్లలను అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పరీక్షిస్తారు. అవసరమైనవారిని డీఈఐసీ అని పిలిచే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సదరం సర్టిఫికెట్ కోసం ఎక్కడికి వెళ్లాలో కూడా మీ ఏఎన్ఎంను అడగవచ్చు.

మీ ఇంట్లోనో, పొరుగునో ఇటువంటి బిడ్డ ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. ఒక నోటుపుస్తకం కొని, వ్యాధి పేరు, మందులు, మోతాదులు, పడని మందులు రాయించండి. దానిని తీసుకొని దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, నర్సుకు చూపించి, "తరువాత ఎప్పుడు రావాలో ఇందులో రాసి ఇవ్వమ్మా" అని అడగండి. అక్కడి నుండి వచ్చేటప్పుడు ఆ బిడ్డ తల్లి ఎలా ఉందో కూడా ఒకసారి విచారించండి. సాధారణంగా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగరు.